గ్యాసు నింపనన్న హనుమంతప్ప

హనుమంతప్ప దగ్గరికి కారు తీసుకుపోవద్దని నాకు ముగ్గురు చెప్పారు. ముగ్గురూ నా మేలు కోరేవాళ్లే. పని తెలిసినవాడే, కానీ ఆ పని అయ్యేలోపల మన ప్రాణాలు తోడేస్తాడు అన్నారు. నేను వినలేదు. అప్పటికే నా ప్రాణాలు తోడేసిన మెకానిక్కులు ఇద్దరున్నారు, మూడోవాడు కొత్తగా తోడేదేముందిలే అనుకున్నాను.

మాది కోలారు జిల్లాలో క్యాసంబళ్ళి. మా నాన్న బడిపంతులు, మా ఆయన మాధవ బంగారపేటలో గుమాస్తా. ఇంట్లో అందరూ కలం పట్టినవాళ్లే, నేనొక్కదాన్నే పురుగులు పట్టాను. పట్టుపురుగులు. అవి కూడా పెద్దవి కాదు, పిల్ల పురుగులు. గుడ్డు పగిలి బయటికొచ్చిన పురుగు తెగిన వెంట్రుక ముక్కంత ఉంటుంది. దానికి లేత మల్బరీ ఆకు సన్నగా తరిగి పెట్టి, చలువలో ఎనిమిది రోజులు సాకి, రెండో జ్వరంలో ఉండగా రైతులకు అందిస్తాను. దీన్నే చాకీ అంటారు. బేరంలో మాత్రం ఒక సీతాకోకచిలుక పెట్టిన వందల గుడ్లూ కలిపి ఒక గుడ్డు లెక్క. జ్వరమంటే రోగం కాదు. పురుగు తిండి మానేసి, తల పైకెత్తి, కదలకుండా ఒక రోజు అట్లాగే ఉండి పాత చర్మం విడుస్తుంది. విడిచిన వెంటనే ఆకలి మీద లేస్తుంది. లేచేసరికి అది రైతు ఇంట్లో, రైతు ఆకు మీద ఉండాలి. ఒక పూట ఆగవే తల్లీ అంటే ఆగదు.

పురుగుల ఇంట్లో శుభ్రం మా అమ్మ మడి కంటే కఠినం. గుమ్మం ముందు సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపిన పళ్లెం ఉంటుంది. కాలు అందులో ముంచకుండా మా ఆయనను కూడా లోపలికి రానివ్వను. సెంటు, అగరుబత్తి, పొగాకు, ఏ వాసనా దగ్గరికి రాకూడదు. పోయిన ఏడాది రైతుల ఇళ్లలో పాలరోగం వచ్చింది. పురుగు ఒళ్లు ఉబ్బి, పాలలాంటి రసం కారి చచ్చిపోతుంది. అప్పటి నుంచి కారుకు కూడా మడి మొదలుపెట్టాను. ట్రేలు దించి ఇంటికి రాగానే కారు లోపలంతా బ్లీచింగ్ నీళ్లు కొట్టి, అద్దాలు మూసి, అరగంట ఏసీ తిప్పి ఆరబెట్టేదాన్ని. ఆ వాసనకు మా ఆయనకు తుమ్ములు ఆగవు. నాకు మాత్రం శుభ్రమంటే ఆ వాసనే.

ఆ కారు వయసు పద్దెనిమిదేళ్లు. మా ఆయన ఆఫీసుకు పోవడానికి కొన్నాడు, నేను వెనక సీటు పీకించి ట్రేల కోసం చట్రం బిగించి నాదాన్ని చేసుకున్నాను. ఏసీ లేకుండా చాకీ మోయడం ఎండాకాలంలో కుదరదు. తెల్లవారుజామునే బయలుదేరినా, మూడు ఊళ్లలో దించుకుంటూ శ్రీనివాసపురం దాటి రామాంజినప్ప ఇల్లు చేరేసరికి పది అవుతుంది. అందరికంటే దూరం అతనిదే, అందరికంటే ఆఖరి ట్రేలూ అతనివే. పోనీ బాడుగ కారు పెట్టుకుందామంటే, ప్రతి డ్రైవరూ అద్దం కింద ఒక సెంటు సీసా వేలాడేస్తాడు. పురుగులకు అది చాలు.

మార్చిలో ఏసీ దారి మధ్యలో ఆగిపోయింది. అద్దాలు దించితే దుమ్ము, ఎత్తితే ఉడుకు. రామాంజినప్ప ఇంటి ముందు తలుపు తీసేసరికి లోపలి గాలి మొహాన కొట్టింది. ట్రేల మీద కాగితం ఎత్తి చూశాను. పురుగులు తల ఎత్తుకునే ఉన్నాయి. చూడటానికి బాగానే ఉన్నాయి కదా అనుకున్నాను. అనుకుని, ఏసీ ఆగిపోయిన సంగతి అతనికి చెప్పకుండా దించేసి వచ్చేశాను.

ఎండ దెబ్బ తిన్న పురుగు వెంటనే చావదు. రైతు చేత పది, పన్నెండు రోజులు ఆకు మోయించుకుని అప్పుడు చస్తుంది. ఏప్రిల్ మొదట్లో రామాంజినప్ప ఫోన్ చేశాడు. పంట సగానికి పైగా పోయిందన్నాడు. అతను గొంతు పెంచే మనిషి కాదు, అందుకే ఆ ఫోన్ నాకు ఇంకా గుర్తుంది.

“మా ఇంటిది తలకు సెంటు నూనె రాసుకోని లోపలికి పోయినాదమ్మా. దాని వల్లనే అని మా అమ్మ అంటాది. ఇంగ దాన్ని లోపలికి రానిచ్చేది లేదు. అయినా నీ చాకీ మీద కూడా నాకు అనుమానం ఉండాది. ఇంకొక్కసారి నీ దగ్గర తీసుకుంటాను. అది కూడా ఇట్లనే అయితే మా ఊరంతా వేరే చోట చూసుకుంటాం.”

అప్పుడైనా చెప్పవచ్చు. చెప్పలేదు. ఆ నేరం చౌడమ్మ తలనూనె మీదికి పోయినందుకు లోపల ఎక్కడో ఊపిరి కూడా పీల్చుకున్నాను. రామాంజినప్ప భార్య చౌడమ్మ పదిహేనేళ్లుగా పురుగులు సాకుతున్న మనిషి. పురుగుకు ఏ వాసన పడదో నాకు చెప్పిందే ఆమె. సిగ్గు వేసింది, కానీ ఆ సిగ్గు ఫోన్ పెట్టేసిన తరువాత వేసింది.

ఇక ఏసీ కథ. బంగారపేటలో ఒకతను గ్యాసు తగ్గిందని నింపాడు. మూడు వారాలు చల్లగా వచ్చింది. మళ్లీ పోయింది. కోలారులో ఇంకొకతను రబ్బరు రింగులు మార్చి మళ్లీ నింపాడు. రెండు వారాలు. మళ్లీ అదే కోలారు ఆయన ముందు వైపు కండెన్సరు జాలి మార్చాలన్నాడు, మార్పించాను, నింపాడు, పది రోజులు. చిల్లుకుండలో నీళ్లు పోసినట్టు పోస్తూనే ఉన్నాను. ఈలోగా మే నెల వచ్చింది. రామాంజినప్పకు ఇవ్వాల్సిన గుడ్లు ఒక సోమవారం పగిలాయి. అంటే వచ్చే మంగళవారం పొద్దున అవి అతని ఇంట్లో ఉండాలి, చల్లగా ఉండాలి. ఆ సోమవారం మధ్యాహ్నమే నేను హనుమంతప్ప ఉండే కోరమండల్ పోయాను.

కోరమండల్‌లో బంగారు గనివాళ్ల పాత లైను ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆ వరుస చివర రేకుల షెడ్డు హనుమంతప్పది. బోర్డు లేదు. మనిషికి నలభై అయిదేళ్లుంటాయి, పొట్టి, ఎప్పుడూ తల ఒక పక్కకు వంచి ఏదో వింటున్నట్టు నిలబడతాడు. పక్కన ఒక చెంబులో నీళ్లు పెట్టుకుని కుడి చేతిని మాటిమాటికీ అందులో ముంచుతుంటాడు. దవడలో పొగాకు. నేను కారు దిగగానే చెప్పాను, గ్యాసు పోయింది, నింపాలి, వారం రోజుల్లో పురుగులు మోయాలి అని. అతను బానెట్ ఎత్తలేదు. ఇంతకుముందు ఎన్నిసార్లు నింపినారు అని అడిగాడు. మూడుసార్లు అన్నాను.

“నేను నింపనమ్మా,” అన్నాడు.

“ఎందుకప్పా?”

“పోయిందంటే యాడనో పోతా ఉండాది కదా. ఆ యాడో కనుక్కునేది పని. సుమ్నే, ఊరికే నింపేది పని కాదు.”

కనుక్కుని తరువాత నింపు, ముందు వచ్చే మంగళవారానికి నింపు అన్నాను. తల ఊపాడు. ఒప్పుకున్నాడనుకున్నాను. అతను తల ఊపడం నా మాట విన్నందుకట, ఒప్పుకున్నందుకు కాదట. ఇది తెలియడానికి నాకు రెండు రోజులు పట్టింది.

అతని చరిత్ర నాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది, ఎందుకంటే ఆ వారంలో నేను ఆ షెడ్డు ముందు స్టూలు మీద కూర్చున్నంతసేపు మా ఇంటి వసారాలో కూడా కూర్చోలేదు. అతని తండ్రి మునివెంకటప్ప గనిలో గాలి పైపుల ఫిట్టరు. భూమి లోపల రాయి తొలిచే మిషన్లు గాలి ఒత్తిడితో నడిచేవి. ఆ గాలి పైనుంచి మైళ్ల పొడుగు పైపుల్లో దిగేది. కింద మిషను నీరసపడితే, పైన ఒత్తిడి పెంచమని అందరూ అరిచేవాళ్లట. మునివెంకటప్ప మాత్రం అరచెయ్యి తడుపుకుని పైపు పక్కనే నడుచుకుంటూ పోయేవాడట. తడి చేతికి సన్న గాలి తగిలినా సూదిలా చల్లగా తెలుస్తుంది. ఓటి చోటు దొరికేదాకా పెంచనివ్వడు. గని మూతపడినప్పుడు హనుమంతప్పకు పంతొమ్మిదేళ్లు. తండ్రి పని నేర్చుకున్నాడు గానీ చేయడానికి పైపులు లేవు. బెంగుళూరులో చల్లటి గిడ్డంగుల్లో, తరువాత కార్ల షాపుల్లో ఏసీ పని పట్టుకుని, పదేళ్లకు మళ్లీ అదే లైను ఇంటికి వచ్చేశాడు. అక్కడ ఎందుకు మానేశావని అడిగితే, గ్యాసు నింపమని వాళ్లు తొందరపెట్టేవాళ్లు అన్నాడు. అప్పుడైనా నేను కారు తీసుకుని లేచి రావాల్సింది.

మంగళవారం కారంతా సబ్బు నురగ పూసి చూశాడు. ఏమీ లేదు. బుధవారం గ్యాసుకు బదులు నైట్రోజన్ ఎక్కించి, మీటరు తగిలించి, దాని ముందు కూర్చున్నాడు. మీటరులో ముల్లు దిగుతున్నదని అతనన్నాడు. నా కంటికి అది కదల్లేదు. పైపు పైపుకూ తడి చెయ్యి పెట్టి, చెవి పెట్టి, కళ్లు మూసుకుని వింటాడు. రోడ్డు మీద ఆటో పోతే మొదటి నుంచి మొదలుపెడతాడు. పక్కింట్లో కుక్కరు విజిలు వేస్తే లేచిపోయి, స్టవ్ కాసేపు ఆర్పమని వాళ్లను తమిళంలో బతిమాలి వచ్చాడు. వాళ్లు ఆర్పారు కూడా. ఆ వీధి మొత్తానికి ఈ మనిషి అలవాటైపోయినట్టుంది.

మధ్యమధ్యలో ప్రశ్నలు. ఈ బండిని గుంతల్లో దించినారా? ఎలుకలు దూరినాయా? ఒక సంవత్సరంగా బండికి ఏమేమి చేసినారు? జనాభా లెక్కల వాళ్లు కూడా ఇన్ని అడగరు. ఆయిలు మార్చింది, టైర్లు మార్చింది, బ్యాటరీ మార్చింది చెప్పాను. ఇంకా అన్నాడు. ఇంకేమీ లేదన్నాను. నిజంగా ఏమైనా ఉంటే చెప్పండమ్మా అన్నాడు, అబద్ధమాడే పిల్లను అడిగినట్టు. నాకు ఒళ్లు మండింది.

“ఈ కారును నేను దేవుడి గది మాదిరి పెట్టుకోనుండాను అప్పా. దీనికి నేను చేసిన పాపం ఏమీ లేదు. నింపి ఇయ్యి.”

“సరేమ్మా,” అన్నాడు. నింపలేదు.

ఇంట్లో పురుగులు పెరుగుతున్నాయి. బుధవారం సాయంత్రం మొదటి జ్వరంలో పడ్డాయి. గురువారం లేచాయి. నేను ఆకు తరుగుతూ హనుమంతప్పను తిడుతున్నాను, మా ఆయన పేపరు చదువుకుంటూ అవునవును అంటున్నాడు. శుక్రవారం ఫోన్ చేస్తే, అన్ని పైపులూ చూసినాను, ఇంజను వైపు అంతా బాగుండాది అన్నాడు. బాగుంటే నింపొచ్చు కదా అన్నాను. బాగుండేది కాదమ్మా నాకు కావల్సింది, బాగలేనిది అన్నాడు. ఫోన్ పెట్టేసి, ఇలాంటి మనిషి చేతిలో పడ్డందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. కొండను తవ్వి ఎలుకను పట్టేవాళ్లను చూశాం. ఈయన కొండ తవ్వుతూనే ఉన్నాడు, ఎలుక జాడే లేదు.

శనివారం పొద్దున పోయేసరికి కారు ఇంకో రూపంలో ఉంది. చల్లగాలినిచ్చే కాయిల్ డ్యాష్‌బోర్డు వెనకాల, మన మోకాళ్ల ముందు ఒక పెట్టెలో దాక్కుని ఉంటుందట. దానికి వచ్చే రెండు పైపులూ ముందు రోజు సాయంత్రం విడదీసి, మూతలు బిగించి, ఒక్క కాయిల్‌లోకే గాలి ఎక్కించి మీటరు పెట్టిపోయాడట. పొద్దునకు ముల్లు సగానికి దిగి ఉంది. ఈసారి నా కంటికి కూడా కనపడింది.

“ఉండేది దీంట్లోనే,” అన్నాడు. అతని మొహంలో అంత సంతోషం నేను అంతవరకు చూడలేదు. డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాలి అన్నాడు. మధ్యాహ్నానికి నా కారు ముందు భాగమంతా చాప మీద పరిచి ఉంది, ప్రతి స్క్రూ పక్కనా సుద్దముక్కతో ఒక నంబరు. కాయిల్ బయటికి తీసి, మళ్లీ గాలి పట్టించి, నీళ్ల తొట్టిలో ముంచాడు.

మొదట ఏమీ లేదు. తరువాత మూల నుంచి ఆవగింజలంత బుడగలు ఒకదాని వెనక ఒకటి పైకొచ్చాయి. పక్కన ఇంకో వరుస. ఇంకో మూలలో ఇంకోటి. హనుమంతప్ప లెక్కపెట్టడం మానేసి కాయిల్‌ను పైకి తీశాడు. దాని రేకుల మధ్య తెల్లటి పొడి పేరుకుపోయి ఉంది. అల్యూమినియం తెల్లగా పొక్కి, చెదలు తిన్న కాగితంలా అయిపోయింది. గోరుతో గీరి వాసన చూశాడు. మళ్లీ చూశాడు. నా చేతికిచ్చాడు.

వాసన చూడాల్సిన పని కూడా లేదు. చేతికి రాగానే తెలిసింది. మా పురుగుల ఇంటి గుమ్మం వాసన.

“ఈ కారులోకి బ్లీచింగ్ యాడినుంచి వచ్చిందమ్మా?” అని అడిగాడు.

చెప్పాను. ఎప్పుడెప్పుడు కొడతానో, ఎంత కలుపుతానో, అద్దాలు మూసి ఏసీ తిప్పి ఎట్లా ఆరబెడతానో అంతా చెప్పాను. అంతవరకు ఎందుకు చెప్పలేదని అతను అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది, నాకు చెప్పుకోవడానికి ఒక మాట ఉండేది. నిజంగానే నాకు తోచలేదు. అతను కారుకు ఏం చేశారని అడిగాడు, నేను కడగడం పురుగుల కోసం చేసే పని అనుకున్నాను గానీ కారుకు చేసే పని అనుకోలేదు.

“ఏసీ తిప్పితే లోపలి గాలే మళ్లీ మళ్లీ దీని మీదనే పోతాది. ఆ ఆవిరంతా ఇదే తాగింది,” అన్నాడు. “కడగండి, వద్దనేది లేదు. కడిగినప్పుడు ఏసీ పెట్టద్దండి. తలుపులు తీసి ఎండకు పెట్టండి.”

అంతే. ఇంతమందిని తిట్టినదాన్ని, నన్ను మాత్రం ఒక్క మాట అనకుండా వదిలేశాడు. గురివింద గింజ తన నలుపు ఎరగదంటారు. బంగారపేట అతన్ని దొంగ అన్నాను, కోలారు అతన్ని చవట అన్నాను, మా ఆయన పాత కారు కొన్నాడని ఇన్నేళ్ల తరువాత దెప్పాను. మార్చిలో రామాంజినప్ప పురుగులను చంపింది ఎండ అనుకున్నాను. ఆ ఎండను కారులోకి పిలిచింది నా చెయ్యి. ఆ నింద మోస్తున్నది చౌడమ్మ. స్టూలు మీద కూర్చుని, ఎవరూ చూడకుండా ఏడుద్దామనుకున్నాను. పక్కింటావిడ కుక్కరు చేత్తో పట్టుకుని, ఇప్పుడైనా స్టవ్ వెలిగించుకోవచ్చా అని అడగడానికి వచ్చింది.

ఆదివారం బెంగుళూరు నుంచి కొత్త కాయిల్ వచ్చింది. ఆ రోజంతా బిగించాడు. సోమవారం పొద్దున పైపుల్లో గాలంతా లాగేసి, మీటరు పెట్టి, సాయంత్రం దాకా ముట్టుకోనన్నాడు. లీకు దొరికింది కదప్పా, ఇంకా ఏం చూస్తావు అన్నాను. ఇల్లు అలకగానే పండగ కాదమ్మా అన్నాడు. ఇంట్లో పురుగులు అప్పటికే రెండో జ్వరంలో పడ్డాయి, తలలు ఎత్తి నిలబడ్డాయి. సాయంత్రం ఆరింటికి ముల్లు ఉన్నచోటే ఉంది. అప్పుడు నింపాడు. వారం రోజులు అడుక్కున్న గ్యాసు, పావుగంట పని.

అక్కడితో అయిపోయిందనుకుంటే, మీతో నేనూ వస్తాను అన్నాడు. కాయిల్ కొత్తది, పైపులు పాతవి, దారిలో చూసుకోవల్ల అన్నాడు. పెళ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు ఈయన్నెక్కడ పెట్టుకునేది? కానీ వద్దనే మొహం నాకెక్కడిది? సరే, ఇంగ నా వంతు వచ్చింది. మంగళవారం తెల్లవారుజామున పొగాకు ఉమ్మించి, పళ్లు తోమించి, సబ్బు లేకుండా తలస్నానం చేయించి, మా ఆయన ఉతికిన చొక్కా ఇచ్చి, పళ్లెంలో కాళ్లు ముంచమన్నాను. మొదటిసారి హనుమంతప్పకు విసుగొచ్చింది. దవడలో ఏమీ లేకుండా మధ్యాహ్నం దాకా ఎట్ల ఉండేదమ్మా అన్నాడు. ఉండేదే అన్నాను. మా ఆయన గేటు దగ్గర నన్ను పక్కకు పిలిచి, ఏసీ బాగైంది కదా, మార్చి సంగతి ఇప్పుడు రామాంజినప్పకు చెప్పి ఏం లాభం, ఉన్న బేరం పోగొట్టుకోవడం కాకపోతే అన్నాడు. తప్పు మాటేమీ కాదు.

మూడు ఊళ్లు దించాం. ఎండ ఎక్కింది. శ్రీనివాసపురం మండీ దగ్గర మామిడికాయల లారీలు రోడ్డుకు అడ్డంగా నిలబడి, ముక్కాలు గంట కదల్లేదు. మార్చిలో అయితే ఆ ముక్కాలు గంటకే పని అయిపోయేది. హనుమంతప్ప ఒక సీసాలో నీళ్లు పెట్టుకుని, ప్రతి అయిదు నిమిషాలకూ చెయ్యి తడిపి ఏసీ గాలికి పెడుతున్నాడు. నాకు చలికి భుజాలు వణుకుతున్నాయి. ఇంకొంచెం తగ్గిద్దామా అన్నాను. అతను తల ఊపాడు. తగ్గించలేదు.

పదిన్నరకు రామాంజినప్ప వాకిట్లో ఆపాం. అతను కాళ్లు కడుక్కుని ట్రేలు అందుకోవడానికి వచ్చాడు. చౌడమ్మ తరిగిన ఆకు బుట్ట నెత్తిన పెట్టుకుని పురుగుల ఇంటి గుమ్మం దాకా వచ్చి, అక్కడే దించి, రెండడుగులు వెనక్కి వేసి నిలబడింది. ఆమె తల పొడిగా, ఎర్రగా ఉంది. నెలన్నరగా నూనె తగిలినట్టు లేదు.

రామాంజినప్ప కాగితం ఎత్తి చూశాడు. చేత్తో ట్రే కింద తాకి చూశాడు. చల్లగా ఉండాయి అన్నాడు. ఆ ఒక్క మాట కోసం నేను వారం రోజులు కోరమండల్‌లో స్టూలు మీద కూర్చున్నాను. ఆ మాటతో ఇంటికి పోయి ఉండవచ్చు. కానీ చౌడమ్మ ఇంకా గుమ్మం బయటే ఉంది.

“అప్పా, మార్చిలో నేను తెచ్చినవి ఇంత చల్లగా లేవు,” అన్నాను. “దారిలో ఏసీ ఆగిపోయింది. తెలిసీ నీకు చెప్పకుండా దించిపోయినాను. ఏసీని పాడు చేసింది కూడా నేనే. నీ పంట పోయింది నా వల్ల, చౌడమ్మ నూనె వల్ల కాదు.”

రామాంజినప్ప ట్రే పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. చౌడమ్మ మాత్రం ఎవరి మాటకూ ఆగలేదు. ఆకు బుట్ట ఎత్తుకుని, గుమ్మం ముందు పళ్లెంలో రెండు కాళ్లూ ముంచి, భర్త పక్కనుంచి లోపలికి పోయింది. ఖాళీ ట్రేలు కిందికి తీసి కొత్తవాటికి చోటు సర్దుకుంటోంది. అటు తిరిగే అడిగింది.

“అప్పుడే చెప్పుండొచ్చు కదమ్మా.”

“చెప్పుండాల్సిందే,” అన్నాను.

రామాంజినప్ప ట్రేలన్నీ ఒక్కొక్కటిగా లోపల పెట్టి బయటికొచ్చాడు. నేను పోయిందనే అనుకున్నాను, ఈ ఊరు, ఈ ఊరి రైతులు, అంతా.

“జూన్‌కు నూటయాభై గుడ్లు మాకు రాసుకో,” అన్నాడు చివరకు. “ఎప్పుడు తెచ్చేది, ఎట్ల తెచ్చేది, ఆమెతో మాట్లాడుకో. లోపలి పని ఇంగ ఆమెదే. నన్ను అడగొద్దు.”

చౌడమ్మ లోపల జ్వరం నుంచి ముందుగా లేచిన పురుగులకు ఆకు చల్లుతోంది. నేను గుమ్మం దగ్గరికి పోయి, కాళ్లు ముంచకుండానే లోపలికి అడుగు వేయబోయాను. ఆమె వెనక్కి తిరిగి నా కాళ్లవైపు చూసింది. నేను వెనక్కి వచ్చి పళ్లెంలో నిలబడ్డాను.

అప్పుడు వాకిట్లోంచి హనుమంతప్ప పిలిచాడు. ట్రేలన్నీ దించేశాం, కారులో మోయడానికి ఇంక ఒక్క పురుగు కూడా లేదు. అయినా అతను సీటులోనే కూర్చుని, తడి చెయ్యి గాలికి పెట్టుకుని ఉన్నాడు.

“అమ్మా, ఆ వెనక తలుపు మూయండి. చల్లగాలి సుమ్నే పోతా ఉండాది.”

నేను పోయి తలుపు మూశాను.